రేషన్ కార్డులో కొట్టేసిన పేరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఈ రోజుల్లో నాలుగు పేజీలు చేత్తో రాసి, స్టాంపు అంటించి పంపావంటేనే తెలిసింది, ఫోనులో చెప్పుకుంటే తీరే కోపం కాదని.

మీ ఊరి గ్రంథాలయంలో నీ నవల మీద జరిగిన గోష్ఠి సంగతి పూసగుచ్చినట్టు రాశావు. 22 మంది వచ్చారు. రిటైరైన మాస్టారొకాయన తన బదిలీల చరిత్ర అరగంట సేపు చెప్పారు. ఒకావిడ వాళ్ళ అత్తగారి కుట్టు మిషన్ గురించి మొదలుపెట్టి ఆపలేకపోయింది. పెళ్ళయిన కూతురి పేరు రేషన్ కార్డులోంచి తీయించడానికి తండ్రి మండలాఫీసుకు వెళ్ళే ఘట్టం ప్రస్తావనకు రాగానే సభంతా తలో మాటా అందుకుందట. ఒకామె పేరు పెళ్ళయ్యాక పదకొండేళ్ళ దాకా పుట్టింటి కార్డులోనే ఉండిపోయిందట. ఇంకొకామె పేరు పదహారు రోజుల పండుగ కాకముందే తీయించేశారట. ఆ మాట చెబుతూ ఆమె కళ్ళు తుడుచుకుందని కూడా రాశావు. కథాకాలాన్ని నువ్వు ఎలా వెనకా ముందూ చేశావో, ఆరో అధ్యాయం మొత్తం ఒకే వాక్యంగా ఎందుకు రాశావో ఒక్కరూ అడగలేదు. ‘నా నవల గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడారు’ అని రాసి, దాని కింద గీత గీశావు.

నాయనా, ఆ గీత చూసి నవ్వొచ్చింది. ఏమీ అనుకోకు. ఆ రోజు వాళ్ళు నీ నవల గురించి తప్ప వేరే దేని గురించీ మాట్లాడలేదని నా నమ్మకం. మామూలు కుటుంబం గురించి రాసిన నవలను పాఠకులు ‘శిల్పం బాగుంది, పాత్రపోషణ బాగుంది’ అని మెచ్చుకున్నారంటే నేనైతే భయపడతాను. చుట్టాల ఇంటికి వెళ్ళి భోజనం చేసి ‘మీ డైనింగ్ టేబుల్ బాగుందండీ’ అని చెప్పి వచ్చేసినట్టు ఉంటుంది అది. తిన్నవాడికి ఏ కూరో గుర్తుకు రావాలి కదా!

నా మొదటి నవల ఒక వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. 1984. అప్పట్లో పాఠకుల అభిప్రాయాలంటే 15 పైసల పోస్టు కార్డులు. పత్రికాఫీసు వాళ్ళు రబ్బరు బ్యాండు వేసి వారానికొక కట్ట పంపేవారు. గుమాస్తా ఇల్లు, ముసలి తల్లి, ఇద్దరు కోడళ్ళు, ఉద్యోగం లేని చిన్న మరిది. అంతకు మించి ఆ నవలలో ఏమీ లేదు. ఎనిమిదో వారంలో ఆ ఇంటి నెలసరి పద్దు వేశాను: అద్దె, పాలు, బియ్యం, పిల్లల ఫీజులు, ముసలావిడ మందులు. ఇల్లాలు రాత్రి పూట లాంతరు దగ్గర కూర్చుని లెక్క రాసుకుంటుంది. వాతావరణం కోసం వేసిన అంకెలవి. కూడి చూడలేదు.

గుడివాడ నుంచి ఒకావిడ కూడి చూసింది. పేరు రాయలేదు, ‘ఒక గృహిణి’ అని మాత్రం ఉంది. ‘అమ్మా, ఆయన జీతం 840. మీరు రాసిన ఖర్చు 910. ఆ 70 రూపాయలు నెలనెలా ఎక్కడి నుంచి వస్తున్నాయి?’

సిగ్గుతో చచ్చిపోయాను. పుస్తకంగా వేసేటప్పుడు పాల ఖర్చు తగ్గించేస్తే సరిపోతుందనుకున్నాను. రెండు రోజులు ఆ కార్డు నన్ను వదల్లేదు. నిజమే, ఎక్కడి నుంచి వస్తున్నాయి? మూడో రోజు వంట చేస్తుండగా తట్టింది. ఇంట్లో అందరూ తిండిదండగ అని తిట్టే ఆ చిన్న మరిది, రాత్రి పూట స్నేహితుల దగ్గరికని చెప్పి వెళ్ళి, బట్టల కొట్లో పద్దులు రాస్తున్నాడు. ఆ డబ్బు వదినకు ఇస్తున్నాడు, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని. అన్నగారికి తెలిస్తే చిన్నతనం అవుతుందని అతని భయం. ఆ నవలను ఇవాళ్టికీ ఎవరైనా తలుచుకుంటున్నారంటే ఆ మరిదిని చూసే. వాడు నా బుర్రలో పుట్టలేదు, గుడివాడలో ఎవరి వంటింట్లోనో పుట్టాడు.

ఇది చెప్పి ఊరుకుంటే నీకు సగమే చెప్పినట్టు. అదే నవలలో పదిహేనో వారంలో పెద్దకోడలు వేరు కాపురం పెడుతుంది. ఇక చూసుకో, కార్డులు కాదు, తుపాకి గుండ్లు! అత్తలంతా ఒక పక్షం, కోడళ్ళంతా ఒక పక్షం. ‘కొంపలు కూల్చే రాతలు’ అని ఒకరు. ‘మా ఇంటి గుట్టు మీకు చేరవేసింది ఎవరు? పేరు చెప్పండి’ అని రాజమండ్రి నుంచి ఒకాయన. (ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నాకు శాలువాలు కప్పినవాళ్ళెవరూ అంత మంచి మాట అనలేదు.) ‘ఆ పిల్లను వెనక్కి తీసుకురండి’ అన్న కార్డులే ఎక్కువ. సంపాదకుడూ అదే అన్నాడు. నాకూ కొత్త. సంక్రాంతి పండుగ పెట్టి, ముగ్గులో గొబ్బెమ్మలు పెట్టించి, కోడల్ని కన్నీళ్ళతో గుమ్మంలోకి తెచ్చాను. అందరూ సంతోషించారు. ఆ అధ్యాయం నేను మళ్ళీ చదవలేదు, పునర్ముద్రణకు ప్రూఫులు దిద్దేటప్పుడు కూడా మా వారికి ఇచ్చేశాను.

గుడివాడ గృహిణి తను చూసింది చెప్పింది. వీళ్ళు తమకు కావలసింది చెప్పారు. రెండూ ఒకే రంగు కార్డుల మీద, ఒకే మర్యాదతో వస్తాయి, అదీ చిక్కు. నీ గోష్ఠిలో ‘చివర్లో అబ్బాయి తండ్రి కాళ్ళ మీద పడి ఉంటే బాగుండేది’ అన్న పెద్దమనిషికి నమస్కారం పెట్టి ఊరుకో. ‘ఆ తండ్రి మండలాఫీసుకు పోతూ గొడుగు తీసుకెళ్ళాడన్నారు, వచ్చేటప్పుడు తడిసి వచ్చాడన్నారు, గొడుగేమైంది?’ అని అడిగిన కుర్రాడి మాట మాత్రం వదిలిపెట్టకు. నువ్వు దాన్ని పొరపాటుగా రాసుకున్నావు. నాకైతే అలా అనిపించడం లేదు. కూతురి పేరు కొట్టేయించి వచ్చే మనిషికి గొడుగు గుర్తుంటుందా? అది నీకు తెలియకుండానే నీ చేయి రాసింది. తర్వాతి ముద్రణలో దిద్దబోకు.

తెలుగు నవల మొదలైందే ఇలాంటి ఇంటి ముచ్చటతో. వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము 1878 నాటిది. ధవళేశ్వరంలో ఒక సంసారి, ముఖస్తుతులు నమ్మి, బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి ఇల్లు గుల్ల చేసుకోవడం. ఇంగ్లీషులోకి అనువదించిన హచిన్సన్ 1887లో దాన్ని హిందూ కుటుంబ జీవితపు కథ అనే పరిచయం చేశాడు. ఇంగ్లీషు రచయిత గోల్డ్‌స్మిత్ ఛాయలున్నాయనీ ఇంకొకటనీ మనవాళ్ళు బోలెడంత చర్చించారు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు ఏకంగా విమర్శ గ్రంథమే రాశారు. పండితుల మాటలు అవి, ఉండాలి కూడా. కానీ మూడేళ్ళ కిందట మా వీధి ఆడవాళ్ళం ఏడెనిమిది మందిమి కలిసి ఆ పుస్తకం చదువుకున్నప్పుడు జరిగింది వేరు. బైరాగి ఇంట్లో బంగారమంతా పుటం పెట్టించే చోటుకు వచ్చేసరికి చదవడం ఆగిపోయింది. ఒకావిడ వాళ్ళ నాన్న చిట్టీల కంపెనీలో పోగొట్టుకున్న డబ్బు సంగతి ఎత్తుకుంది. ఇంకొకావిడ వాళ్ళ అల్లుడు, రెట్టింపు చేస్తామన్న ఎవరికో కట్టిన లక్షల సంగతి. ఇంకొకావిడ ఏమీ చెప్పకుండా లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళింది. ఆవిడ కథ నాకు తెలుసు. ఆ సాయంత్రం సంఘసంస్కరణ మాట ఎవరూ ఎత్తలేదు. వీరేశలింగం గారు అక్కడే ఉంటే నీలాగే నొచ్చుకునేవారేమో!

ఇప్పుడు నీ తప్పొకటి చెబుతాను. కుట్టు మిషన్ ఆవిడ మాట్లాడుతుండగా నువ్వు లేచి, ‘అందులో తల్లి మౌనం ఒక తరం మౌనానికి ప్రతీక’ అని వివరించావట. ఆవిడ ‘ఓహో’ అని కూర్చుందట. ఎంత పని చేశావు! ఆ మిషన్ మీద అత్తగారు ఎవరి జాకెట్లు కుట్టింది, కూలి డబ్బులు ఎవరి చేతికి ఇచ్చింది, ఆ మిషన్ ఇప్పుడు ఏ గదిలో ఉంది? నీ రెండో నవల నోటి దాకా వచ్చి వెనక్కి పోయింది. డాక్టర్ పి. శ్రీదేవి రాసినది ఒక్కటే నవల, కాలాతీత వ్యక్తులు. 1961లో, 32 ఏళ్ళు నిండకుండానే ఆమె వెళ్ళిపోయింది. అందులో ఇందిర మంచిదా, స్వార్థపరురాలా, తండ్రి బరువు మోస్తూ మోస్తూ అలా అయిందా అని మా అమ్మ వాదించింది, నేను వాదించాను, ఇప్పుడు మా మనవరాలు వాదిస్తోంది. లేచి నిలబడి తీర్పు చెప్పడానికి రచయిత్రి లేదు. ఇందిర మాత్రం ఉంది.

‘సహజంగా ఉంది’, ‘కళ్ళకు కట్టినట్టు రాశారు’, ‘కన్నీళ్ళు ఆగలేదు’. ఇవి పెళ్ళి పందిట్లో అక్షింతల లాంటివి, వేసినవాళ్ళకూ పడ్డవాళ్ళకూ గుర్తుండవు. అలా అన్నవాళ్ళను ‘ఎక్కడ?’ అని మెల్లగా అడుగు. చాలామంది తడుముకుంటారు. ఒకరిద్దరు పేజీ చెబుతారు. అది రాసుకో.

అంతకన్నా ముఖ్యం, ఎవరూ ఏమీ అనని చోటు. నువ్వు రాసిన నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. రేషన్ కార్డు ఉంది, కుట్టు మిషన్ ఉంది, గొడుగు ఉంది, ముసలాయన పళ్ళసెట్టు కూడా ఉంది. అబ్బాయి హైదరాబాదు వెళ్ళిన మూడో భాగం గురించి ఒక్క ముక్క లేదు. అరవై పేజీలు! అమీర్‌పేట హాస్టలు, కోచింగు, ఇంటర్వ్యూలు, ఒంటరితనం. నేనూ ఆ భాగంలో రెండుసార్లు పుస్తకం పక్కన పెట్టి నిద్రపోయాను, నిజం చెబుతున్నాను. అక్కడ నీ అబ్బాయి ఎవరి అబ్బాయైనా కావచ్చు. ‘నగరంలో మధ్యతరగతి యువకుడి సంఘర్షణ’ రాశావు తప్ప, ఆ గదిలో మంచాలు ఎన్నో, ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా ఎవరు ఖాళీ చేశారో రాయలేదు. మండలాఫీసులో గుమాస్తా ఎర్ర సిరాతో పేరు కొట్టేసి, స్కేలు పెట్టి గీత తిన్నగా వచ్చిందో లేదో చూసుకున్నాడని రాశావే, ఆ స్కేలు అన్ని ఇళ్ళలోనూ దూరింది. హాస్టలు గదిలో అలాంటి స్కేలు ఒక్కటీ లేదు. జనం మర్యాదస్తులు కనుక ఆ భాగం బాగా లేదని నీ మొహం మీద చెప్పలేదు.

మా చిన్నప్పుడు అద్దె పుస్తకాల కొట్లుండేవి, నువ్వు చూసి ఉండవు. ఆ పుస్తకాల అంచుల మీద పాఠకులు రాసినంత నిక్కచ్చిగా విమర్శకులెవరూ రాయలేదు. నా నవల అద్దె ప్రతి ఒకటి ఏలూరులో పాత పుస్తకాలవాడి దగ్గర దొరికింది. అత్తగారు కోడలికి జ్వరం వస్తే రాత్రంతా మేలుకుని తడిగుడ్డ వేసే చోట నీలం సిరాతో ‘అబద్ధం’ అని ఉంది. దాని కింద వేరే చేతిరాత, పెన్సిల్‌తో: ‘నిజమే. మా అత్తగారు వేసింది.’ దాని కింద మళ్ళీ నీలం సిరాయే: ‘అదృష్టవంతురాలివి.’ నాకు తెలియకుండా, నా పేజీ అంచున ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకున్నారు. ఒకరినొకరు ఎప్పుడూ చూసి ఉండరు. నేను వాళ్ళకు అరుగు వేసి ఇచ్చానంతే. ఆ ప్రతిని 12 రూపాయలకు కొన్నాను, నా పుస్తకం నేనే.

ఇక నీ ఉత్తరంలో చిట్టచివర, సంతకం కూడా అయిపోయాక, అంచున చిన్న అక్షరాలతో ఇరికించిన మాట. ‘అక్కకు పుస్తకం పంపి నెలన్నర అయింది. ఇంకా ఏమీ అనలేదు.’ మిగతా నాలుగు పేజీల కోపమూ దీన్ని కప్పడానికేనని అనిపించింది. తప్పైతే క్షమించు. కార్డులోంచి పేరు పోయింది ఆవిడదే కదా. నువ్వు పేరు మార్చావు, ఊరు మార్చావు. తోబుట్టువుకు ఆ మార్పులు కనిపించవు.

ఆవిడకు వివరణ ఉత్తరం రాయకు. ‘అది నువ్వు కాదక్కా, కల్పన’ అని ఫోను చేయకు, నమ్మదు సరికదా రెండోసారి పేరు కొట్టేసినట్టు అవుతుంది. సెలవు చూసుకుని వెళ్ళు. రెండు రోజులుండేలా వెళ్ళు, పూట చూపుకు కాదు. పుస్తకం మాట నువ్వు ఎత్తకు. ఆవిడ ఎత్తితే విను. తిట్టినా విను. ఆ రోజు నాన్న ఇంటికి తడిసి వచ్చాక ఏం జరిగిందో ఆవిడకు నీకన్నా ఎక్కువ తెలిసి ఉండవచ్చు, నువ్వు అప్పటికి ఏడో తరగతి. ఎత్తకపోతే తిని పడుకుని వచ్చేయి.

మా మోకాళ్ళ సంగతి అడిగావు, అలాగే ఉన్నాయి. నీ నవల ఇంకో ప్రతి పంపు. నా ప్రతి పక్కింటావిడ తీసుకెళ్ళింది. నిన్న అడిగితే, తణుకులో వాళ్ళ వదినకు ఇచ్చానంది. ఇద్దరికీ మాటల్లేక మూడేళ్ళయింది. పుస్తకం ఇవ్వడానికని బస్సెక్కి వెళ్ళిందట. ఏం మాట్లాడుకున్నారో ఇంకా చెప్పలేదు.

ఆశీస్సులతో,
మీ పిన్నిగారు