మొక్కల మందే కదా, వేసేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఈమధ్య చిన్న స్ట్రోక్ వచ్చి తేరుకున్నారు, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్నారు. మెదడు కణాలను కాపాడతాయంటూ బంధువులు గింకో (ఒక చెట్టు ఆకుల సారం), కర్క్యుమిన్ (పసుపులో ఉండే పదార్థం) క్యాప్సూల్స్ తెచ్చిచ్చారు. మొక్కల మందేగా, మంచే చేస్తుందిలే అంటున్నారు. వేయొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: గింకో అయితే వద్దండీ. నాన్నగారు వాడే మాత్రలకు అది తోడైతే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. పోనీ అంత లాభముందా అంటే అదీ లేదు. అమెరికాలో 75 ఏళ్లు, ఆపైన ఉన్న 3 వేల మందికి పైగా తీసుకుని, సగం మందికి రోజుకు 240 మిల్లీగ్రాముల గింకో, మిగతావాళ్లకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి దాదాపు ఆరేళ్లు చూశారు. మతిమరుపు జబ్బు గింకో వాడినవాళ్లకేమీ తక్కువగా రాలేదు. ఈ ఫలితం 2008లోనే వచ్చింది, అయినా డబ్బాల మీద రాతలు మారలేదు!

కర్క్యుమిన్ సంగతి ఇంకాస్త చిక్కు. ల్యాబ్‌లో కణాల మీద నేరుగా పోస్తే భేషుగ్గా పనిచేస్తుంది, కానీ నోటితో మింగితే పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లేదే కొంచెం, ఆ కొంచాన్నీ లివర్ వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది, ఆ తర్వాత మెదడు చుట్టూ ఉండే రక్తనాళాల అడ్డుగోడ ఒకటి దాటాలి. అందుకే చాలా క్యాప్సూల్స్‌లో మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలుపుతారు. 1998లో ఒక పరిశోధనలో 2 గ్రాముల కర్క్యుమిన్‌కి 20 మిల్లీగ్రాముల పైపరిన్ జోడిస్తే రక్తంలోకి చేరింది 20 రెట్లు పెరిగింది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ పైపరిన్ చేసేది లివర్ పనిని మందగించేలా చేయడమే, దాంతో నాన్నగారి మిగతా మందుల మోతాదూ ఒంట్లో పెరిగిపోవచ్చు. ఇలాంటి క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. లేబుల్ తిప్పి చూడండి, పైపరిన్ అని ఉంటే పక్కన పెట్టేయండి. (తిండిలో పడే పసుపు గురించి కాదు నేను చెప్పేది.)

మరి స్ట్రోక్ వచ్చిన ఎలుకల్లో ఇలాంటి మొక్కల మందులు మెదడు కణాలను అద్భుతంగా కాపాడాయన్నారే అంటారా? ఆ ఎలుకలు చాలావరకు వయసులో ఉన్నవి, బీపీ, షుగర్ లేనివి. స్ట్రోక్ ఎప్పుడు వస్తుందో కూడా ముందే తెలుసు, ఎందుకంటే తెప్పించేది పరిశోధకులే. అలా ముందుగానో, వెంటనేనో మందు ఎక్కించే వీలు మనుషుల్లో ఎక్కడుంటుంది?

అలాగని మొక్కల్లో ఏమీ లేదనను. స్నోడ్రాప్ అనే తెల్లపూల మొక్కలో దొరికిన గాలంటమిన్‌ని అల్జీమర్స్‌కి అమెరికాలో 2001లో అనుమతించారు. అదైనా జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కొలిన్ అనే మెదడు రసాయనం త్వరగా విరిగిపోకుండా ఆపి లక్షణాలను కొంతకాలం తగ్గిస్తుందంతే, చనిపోయే కణాన్ని బతికించదు.

ఇప్పటికే కొన్నాళ్లుగా ఇస్తూ ఉంటే మాత్రం మొహమాటపడకుండా డబ్బాతో సహా డాక్టర్‌కి చూపించండి. మళ్లీ ఎప్పుడైనా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఇంట్లో ఏ మాత్రా మింగించొద్దు, గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి కాబట్టి నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లిపోండి.