భార్యాభర్తలు టీమ్‌గా తోలడానికి ఏ బండి?

అన్నా, అమెరికాలో నేనూ మీ వదినా కలిసి ఎక్స్‌పెడైటెడ్ లోడ్లు (అర్జెంటుగా చేర్చాల్సిన సరుకు) తోలదామనుకుంటున్నాం, కార్గో వ్యానా స్ట్రెయిట్ ట్రక్కా (క్యాబిన్, సరుకు పెట్టె ఒకే ఛాసిస్ మీదుండే లారీ) అనడిగావు కదా, నా ఓటు పెద్ద స్లీపరున్న (సీట్ల వెనక పడుకునే గది) స్ట్రెయిట్ ట్రక్కుకే. 11 గంటలు తోలితే 10 గంటల రెస్టు రూలు కదా, ఒకళ్ళు తోలుతుంటే ఇంకొకళ్ళు పడుకోవాలి, వ్యాన్‌లో అది సరిగ్గా కుదరదు, పైగా దాని ఫ్లోరు డాక్ (గోడౌన్ల దగ్గర సరుకు ఎక్కించే అరుగు) ఎత్తుకి అందదు. బండి రేటింగ్ (లోడుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు) 26,001 పౌండ్లు, ఆపైన ఉంటే సీడీఎల్ (కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్సు) కావాలి, ఇద్దరూ తీసుకోండి. కొనేముందు వదిన్ని ఆ బెడ్డు మీద పడుకుని చూడమను, మనం ఇంజిన్ చూసి పడిపోతాం గానీ నిద్ర లేకపోతే టీమ్ నడవదు. ఏపీయూ (మెయిన్ ఇంజిన్ ఆపేసినా ఏసీ, కరెంటు ఇచ్చే చిన్న యూనిట్) ఉందో లేదో చూడు, లేకపోతే ఏసీ కోసం రాత్రంతా ఇంజిన్ ఆన్‌లోనే, డీజిల్ తాగేస్తది. అయినా సొంత బండి ఇప్పుడే ఎందుకు, ముందు ఎవరైనా ఫ్లీట్ ఓనర్ (చాలా బండ్లున్న యజమాని) బండి కొన్నాళ్ళు తోలండి.