సివిల్ చదువుతూ ఐటీ మీద మక్కువ: నిర్మాణ సంస్థలోనే పెద్ద దారి ఉంది

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతోంది. కోడింగ్ అంటే ఇష్టం. సాఫ్ట్‌వేర్‌కి మారిపొమ్మని చుట్టాలంతా అంటున్నారు. నిర్మాణ కంపెనీల్లోనే ఐటీ హెడ్ స్థాయికి ఎదగొచ్చని ఒకరు చెప్పారు. ఆ ఉద్యోగంలో పని ఏముంటుంది? ఇప్పటి నుంచి ఏం నేర్చుకోవాలి?

జవాబు: సివిల్‌ని వదలనివ్వకండి. నిర్మాణ సంస్థలో ఐటీ హెడ్‌కి కోడింగ్ కన్నా ముందు సైట్ లెక్కలు తెలియాలి. అవి తెలిసినవాళ్లు తక్కువ.

కంప్యూటర్లు, నెట్‌వర్కు చూసుకోవడం ఆ పనిలో చిన్న భాగమే. డ్రాయింగులు, కొనుగోళ్లు, స్టోరు, సబ్ కాంట్రాక్టర్ల బిల్లులు ఒకదానితో ఒకటి సరిపోయేలా చూడటం అసలు బాధ్యత. ఫ్యాక్టరీ ఒకచోటే ఉంటుంది. ఇక్కడ ఒక సైట్ ముగిసేలోపే ఇంకో జిల్లాలో మరొకటి మొదలవుతుంది. ప్రతిసారీ కొత్త స్టోర్ కీపరు, కొత్త మేస్త్రీలు, అరకొర సిగ్నల్. అందుకే ఫ్యాక్టరీలో చక్కగా నడిచిన ఈఆర్‌పీ (కొనుగోళ్లు, స్టోరు, లెక్కలన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) ఇక్కడ తడబడుతుంది.

ఇనుమే చూడండి. వచ్చిన లోడు వేబ్రిడ్జి తూకంతో స్టోరులో ఎక్కుతుంది. వాడకాన్ని మాత్రం బార్ బెండింగ్ షెడ్యూలు (ఏ సైజు కడ్డీ ఎంత పొడవున, ఎన్ని కావాలో చెప్పే పట్టిక) నుంచి సూత్రంతో లెక్కకడతారు: మిల్లీమీటర్లలో వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. 12 ఎంఎం కడ్డీకి అది 0.89 కిలోలు. కడ్డీల భారత ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఆ సైజు బ్యాచ్ బరువు 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే ఒక్క కడ్డీ పోకుండానే 100 టన్నుల దగ్గర 5 టన్నుల దాకా తేడా రావచ్చు. ఈ సంగతి తెలియకుండా కట్టిన సిస్టమ్ నెలనెలా లేని లోటు చూపిస్తుంది. సైట్‌వాళ్లు దాన్ని నమ్మడం మానేసి సొంత ఎక్సెల్ తెరుస్తారు, ఇక ఈఆర్‌పీ పేరుకే మిగులుతుంది. ప్రతి లోడులోనూ సైజుకు కొన్ని మీటరు ముక్కలు తూచి, అసలు బరువు నమోదు చేసే గడి పెడితే చాలావరకు తీరే సమస్య ఇది. ఆ గడి అడగాలని తోచేది సైట్ చూసినవాళ్లకే.

డ్రాయింగులది ఇంకో తలనొప్పి. మూడో సవరణ ఆర్3 వచ్చాక కూడా వాట్సాప్‌లో మిగిలిన పాత ఆర్2 చూసి స్లాబు పోసేస్తారు, తర్వాత పగలగొడతారు. 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650 ప్రమాణం దీనికి క్రమం చెబుతుంది: తయారవుతున్నవి, పరిశీలనకు పంచుకున్నవి, ఆమోదించి విడుదల చేసినవి, పాతబడినవి. విడుదలైనవి మాత్రమే సైట్ ఫోన్లలో కనిపించాలి. బ్రిటన్ 2016 నుంచి కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టుల్లో బిమ్ (కట్టడాన్ని వివరాలతో సహా ముందే కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా తయారుచేసే పద్ధతి) తప్పనిసరి చేసింది. మన జాతీయ రహదారుల సంస్థ కూడా 2020లో ప్రాజెక్టు పత్రాలను డేటా లేక్ అనే పోర్టల్‌లోకి తెచ్చింది. కాబట్టి ఈ పని తెలిసినవాళ్లకు గిరాకీ పెరిగేదే.

ఇప్పుడు అమ్మాయి చేయాల్సింది: విద్యార్థులకు ఉచితంగా దొరికే బిమ్ సాఫ్ట్‌వేర్లు రెవిట్, నేవిస్‌వర్క్స్‌లతో ఒక చిన్న మూడంతస్తుల భవనం మోడల్ చేసి, పైపులు దూలాలకు ఎక్కడ తగులుతున్నాయో పట్టుకోవాలి. అదే భవనానికి పరిమాణాలు తీసి బీఓక్యూ (పనులు, పరిమాణాల పట్టిక) రాయాలి. పక్కనే డేటాబేస్‌లకు ఎస్‌క్యూఎల్, రిపోర్టులకు పవర్ బీఐ నేర్చుకోవాలి. కోడింగ్ ఇష్టం కనుక పైథాన్‌తో బార్ బెండింగ్ షెడ్యూలు తయారుచేసే ప్రోగ్రాం రాయమనండి. ఇంటర్వ్యూలో ఏ సర్టిఫికెట్ కన్నా అది బలంగా మాట్లాడుతుంది.

చదువయ్యాక మొదటి రెండేళ్లు సైట్‌లో ప్లానింగ్ లేదా బిల్లింగ్ ఇంజినీరుగా చేయనివ్వండి. జరిగిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ నుంచి ఆర్ఏ బిల్లు (పని నడుస్తుండగా విడతలుగా ఇచ్చే బిల్లు) దాకా కాగితం ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో అక్కడే తెలుస్తుంది. పనుల షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్ ప్రైమవేరా కూడా అప్పుడే పట్టుబడుతుంది. ఎండ, దుమ్ము అని మీరు భయపడి ఈ మెట్టు దాటించేస్తే పదేళ్ల తర్వాత ఆ లోటు బయటపడుతుంది. ఆపైన బిమ్ కోఆర్డినేటర్ లేదా ఈఆర్‌పీ అమలు బృందం, తర్వాత ఐటీ ప్రాజెక్టుల నిర్వహణ. ఎంబీఏ ఈ దశలో చేస్తేనే ఉపయోగం. సైబర్ భద్రత కూడా పక్కన పెట్టకూడదు: సరఫరాదారు బ్యాంకు ఖాతా మారిందంటూ నకిలీ మెయిల్ పంపి బిల్లు డబ్బు కాజేసే మోసానికి ఈ రంగం తేలిగ్గా చిక్కుతుంది. పాత నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే ఖాతా మార్చాలన్న నియమం పెట్టించడం ఐటీ హెడ్ పనే.

క్యాంపస్‌కు వచ్చే కంపెనీని అమ్మాయి ఒక ప్రశ్న అడగాలి: రోజువారీ పురోగతి రిపోర్టు సైట్‌లోనే ఎక్కిస్తారా, నెలాఖరున ఆఫీసులో కూర్చుని నింపుతారా? మొదటి జవాబు చెప్పిన కంపెనీలో తొలి ఉద్యోగం మంచిది.