బయటికెళ్తే కుక్క అస్సలు మాట వినట్లేదు, ఫోకస్ ఎలా నేర్పాలి?

ఇంట్లో పిలిస్తే పరిగెత్తుకొచ్చే కుక్క బయట మనల్ని పట్టించుకోలేదంటే అది మొండితనం కాదండీ, ఆ వాసనలు, వేరే కుక్కలు, చప్పుళ్ళు దానికి మనకంటే ఇంట్రెస్టింగ్‌గా ఉంటాయి, అంతే. తిట్టినా బెల్ట్ గుంజినా భయం పెరుగుతుంది తప్ప ఫోకస్ రాదు, దయచేసి ఆ పని చేయకండి.

ముందు ఏ గోలా లేని గదిలో మొదలుపెట్టండి. ట్రీట్ (దానికి ఇష్టమైన చిన్న తిండి ముక్క) ఉన్న గుప్పిటని పక్కకి చాపి ఊరికే నిలబడండి, కాసేపు గుప్పిటనే చూస్తుంది, మూతితో పొడుస్తుంది, నాకుతుంది, మీరేం మాట్లాడొద్దు, చివరికి ఏంటిది అన్నట్టు ఒక్క క్షణం మీ మొహంలోకి చూస్తుంది చూడండి, సరిగ్గా అప్పుడే "ఎస్" అని వెంటనే ట్రీట్ పెట్టేయాలి. కొన్ని సెకన్లు లేటయితే ఎందుకిచ్చారో దానికి అర్థం కాదు. ట్రీట్ బఠాణీ గింజంత చాలు, ప్రాక్టీస్ ఒకసారికి 3 నుంచి 5 నిమిషాలు మించొద్దు.

అది బాగా వచ్చాక వరండా, తర్వాత ఖాళీ వీధి, ఇలా మెల్లగా పెంచాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. వేరే కుక్క కనిపించినప్పుడు మీది ఇష్టమైన ట్రీట్ కూడా ముట్టట్లేదంటే మరీ దగ్గరికెళ్ళిపోయారని అర్థం, మళ్ళీ తినేంత దూరం వెనక్కి జరగండి, అక్కణ్ణుంచి ప్రాక్టీస్ చేయించండి. అటు చూసి తనంతట తానే మీవైపు తిరిగిందా, అప్పుడు ఒకటి కాదు, మూడు నాలుగు ట్రీట్లు వరసగా ఇవ్వండి.