పాత ఎచింగ్‌లలో వికలాంగ బిచ్చగాళ్ళు: జాలితో గీశారా, వెక్కిరింతకా?

యూరప్ పాత ఎచింగ్‌లలో, అంటే రాగి రేకు మీద గీసి కాగితం మీద అచ్చు వేసిన బొమ్మల్లో, కాళ్ళు లేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, చంకకర్రల మీద నిలబడి అడుక్కునేవాళ్ళు ఇంతమంది ఎందుకున్నారు, వాళ్ళని జాలితో గీశారా, వెక్కిరింతకి గీశారా అని అడిగారు. రెండూ ఉన్నాయి, ఒక్కోసారి ఒకే పుస్తకంలో ఉన్నాయి.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది, ఎడమ కాలికి క్యాలిపర్ (కాలికి ఊతంగా కట్టే ఇనప చట్రం), చంకలో కర్ర. చదువుకున్నది ప్రింట్‌మేకింగ్, అంటే ఇలా బొమ్మలు అచ్చు వేసే కళ, కొన్నాళ్ళు లండన్‌లో ఉన్నాను. అందుకేనేమో ఈ బొమ్మల్లో నా చూపు ముందు కర్ర మీదికే పోతుంది. బరువు అరచేతి మీద పడుతోందా, ఆ వైపు భుజం పైకి లేచిందా, కర్ర కొన నేల మీద ఎక్కడ ఆనింది, ఇవన్నీ చూస్తాను. ఎదురుగా మనిషిని చూస్తూ గీసినవాడికి ఇవి తెలుస్తాయి. ఊహించి గీసినవాడు కర్రని చంకలో ఇరికించి వదిలేస్తాడు, ఆ కర్రతో ఎవరూ రెండడుగులు కూడా వెయ్యలేరు.

ముందుగా జాక్ కాలో అనే చిత్రకారుడు. 1622 ప్రాంతంలో, ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న నాన్సీ ఊళ్ళో, బిచ్చగాళ్ళ మీద 25 ఎచింగ్‌లు చేశాడు. చిన్న చిన్న బొమ్మలు, ఒక్కో దాంట్లో ఒకరో ఇద్దరో, వెనకాల వీధి ఉండదు, ఇల్లు ఉండదు, పేరు అసలే ఉండదు. గీత మాత్రం అద్భుతం. కానీ వరసలో మొదటి బొమ్మ జెండా పట్టుకున్న పోకిరీల నాయకుడిది. దాంతో తరవాత వచ్చే కుంటివాళ్ళనీ గుడ్డివాళ్ళనీ జనం అనుమానంతోనే చూస్తారు, నిజమా నాటకమా అని. ఈ అనుమానం నాకు బాగా తెలుసు. బస్టాండులో నా దారిన నేను నించుంటే అడక్కుండానే చేతిలో రూపాయి పెట్టినవాళ్ళు ఉన్నారు, "నిజంగా నడవలేవా?" అని అడిగినవాళ్ళూ ఉన్నారు, ఇద్దరికీ నేనెవరో అక్కర్లేదు. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ కూడా కాలో బొమ్మలు చూసి నేర్చుకున్నవాడే, కానీ 1630లో గట్టు మీద కూర్చున్న బిచ్చగాణ్ణి చెక్కినప్పుడు ఆ మనిషికి తన సొంత ముఖమే పెట్టాడు.

నేను అసలు చెప్పాలనుకున్నది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడి గురించి. 1817లో లండన్‌లో 'వాగబాండియానా' అని పుస్తకం వేశాడు, ఆ వీధుల్లో తిరిగే బిచ్చగాళ్ళని స్వయంగా చూసి గీసిన ఎచింగ్‌లు, పక్కన వాళ్ళ గురించి నాలుగు మాటలు. అప్పటికే ఆయన బ్రిటిష్ మ్యూజియంలో ప్రింట్ల విభాగానికి అధికారి. నెపోలియన్ యుద్ధాలు 1815లో ముగిశాయి, ఊరి నిండా పని లేని సైనికులు, నావికులు. అదే ఏడాది లండన్ బిచ్చగాళ్ళ మీద పార్లమెంటు కమిటీ వేసి విచారణ మొదలుపెట్టింది. వీళ్ళని ఎలాగూ వీధుల్లోంచి తీసేస్తారు, ఈలోపు వింతైనవాళ్ళని గీసి పెడితే ఇన్నాళ్ళూ వీళ్ళతో విసిగిపోయినవాళ్ళకి కాలక్షేపంగా ఉంటుంది, ముందుమాటలో స్మిత్ చెప్పిన కారణం ఇంచుమించు ఇదే. చదివితే ఒళ్ళు మండుతుంది.

అయినా బొమ్మలు ఆ మాటల్లాగా లేవు. జోసెఫ్ జాన్సన్‌ని చూడండి. నల్లజాతి నావికుడు, దెబ్బలు తగిలి సముద్రం మీదికి పోలేని స్థితి. టోపీ మీద 'నెల్సన్' అనే ఓడ నమూనా పెట్టుకుని పాటలు పాడేవాడు, ఇళ్ళ కిటికీల ముందు తల వంచి దణ్ణం పెడితే ఓడ అలల మీద ఊగినట్టు కనిపించేదట. లండన్‌లో టవర్ హిల్ దగ్గర మొదలుపెట్టాడు, తరవాత సంత రోజులు చూసుకుని బండివాళ్ళని బతిమాలి రామ్‌ఫర్డ్, సెయింట్ ఆల్బన్స్ లాంటి చుట్టుపక్కల ఊళ్ళ దాకా వెళ్ళేవాడు. దీన్ని నేను అడుక్కోవడం అనలేను, అది ప్రదర్శన, శ్రమ. మరి పింఛను ఎందుకు రాలేదు? చేసింది వ్యాపార ఓడల్లో కాబట్టి నేవీ వాళ్ళకి గ్రీనిచ్ నావికుల ఆసుపత్రి తరఫున ఇచ్చే సాయం వర్తించదు. పారిష్ (ఒక చర్చి పరిధిలోని పేట) పేదలకిచ్చే సాయం కావాలంటే ఆ పారిష్‌వాడై ఉండాలి, ఇతను ఎక్కడివాడూ కాదు. ఇంత వివరం మనకి దొరికిందంటే స్మిత్ అతన్ని పేరు పెట్టి రాశాడు కాబట్టే, ఆ మేలు మాత్రం ఒప్పుకోవాలి.

కాళ్ళు లేక చిన్న పలకబండి మీద కూర్చుని చేతులతో తోసుకుంటూ వెళ్ళేవాళ్ళనీ స్మిత్ గీశాడు. మన రైల్వే స్టేషన్ల దగ్గర బేరింగు చక్రాల పలక మీద వెళ్ళేవాళ్ళని చూసిన ఎవరికైనా అది వెంటనే అర్థమవుతుంది.

ఆ తరవాత ఏమైందో కూడా చెప్పాలి. 1824లో ఇంగ్లండులో వచ్చిన వేగ్రన్సీ (దేశదిమ్మరుల) చట్టం అడుక్కోవడాన్నే కాకుండా గాయాలో అంగవైకల్యమో చూపించి భిక్ష అడగడాన్ని కూడా విడిగా పేర్కొని నేరం చేసింది. ఇంచుమించు అదే మాట మన దేశంలో 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టంలో ఉంది, ఢిల్లీకి కూడా దాన్నే వర్తింపజేశారు, 2018లో ఢిల్లీ హైకోర్టు అక్కడి వరకు దాని ముఖ్యమైన సెక్షన్లు కొట్టేసింది. చట్టం భాష చదివాక మళ్ళీ జాన్సన్ బొమ్మ చూస్తే, అతను దాచుకోవాల్సింది ఏమిటో నాకు అర్థం కాదు. చంకకర్ర దాచాలా?

స్మిత్ పుస్తకం స్కాన్లు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, బొమ్మ పెద్దది చేసి చేతులు, కర్రలు చూడండి, పక్కనున్న మాటలు తరవాత చదవండి. ఒక్క జాగ్రత్త. ఎచింగ్‌లో రాగి రేకు మీద మైనపు పూత వేసి సూదితో గీసి యాసిడ్‌లో ముంచుతారు, అచ్చు వేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. చాలామంది కళాకారులు దాన్ని సరిచేసుకోరు. కాబట్టి ఏ కాలు పోయింది, కర్ర ఏ చంకలో పెట్టుకున్నాడు అనేది బొమ్మ ఒక్కటీ చూసి తేల్చకండి.