పెద్ద ఆంగ్ల పదాన్ని పలకడానికి ఒకలా, అర్థానికి మరొకలా విడదీయాలి

ఇంటర్మీడియట్ బైపీసీ పుస్తకాల్లోని పొడవైన ఆంగ్ల పదాలను ఎలా విడదీసి గుర్తుంచుకోవాలని మీరు అడిగారు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లీషు మీడియం బైపీసీలో చేరిన నేనూ ఇదే ఇబ్బంది పడ్డాను. పదాన్ని మొత్తంగా బట్టీ పట్టడం వల్ల పరీక్షలో నడిమి అక్షరాలు తారుమారయ్యేవి.

నాకు దారి చూపినవి మన సంధులే. ‘విద్యాలయం’ అన్న మాటను వి-ద్యా-ల-యం అని పలుకుతాం, అర్థం చెప్పేటప్పుడు మాత్రం విద్య, ఆలయం అని విడదీస్తాం. ఈ రెండో విభజన సరిగ్గా ‘ద్యా’ నడుమ పడుతుంది. ఆంగ్లంలోనూ అంతే. హెలికాప్టర్‌ను హె-లి-కాప్-టర్ అని నాలుగు సిలబుల్స్‌గా, అంటే ఒక్కో ఊపులో పలికే ముక్కలుగా పలుకుతాం, కానీ అది పుట్టింది ‘హెలికో’, ‘ప్టర్’ అనే గ్రీకు భాగాల నుంచి. మొదటిదానికి మెలిక అని, రెండోదానికి రెక్క అని అర్థం. ఆ ‘ప్టర్’ను గుర్తుపట్టిన రోజున, జువాలజీలో ఈగలూ దోమలూ చేరే డిప్టెరా అంటే రెండు రెక్కలవనీ, సీతాకోకచిలుకలు చేరే లెపిడోప్టెరా అంటే పొలుసుల రెక్కలవనీ ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

సిలబుల్స్‌ను అక్షరాలను బట్టి కాక, వినిపించే అచ్చులను బట్టి లెక్కించండి. ‘స్ట్రెంగ్త్స్’ స్పెల్లింగ్‌లో తొమ్మిది అక్షరాలున్నా సిలబుల్ ఒక్కటే.

అర్థభాగాల విషయంలో తెలుగు మాధ్యమంలో నేర్చిన పారిభాషిక పదాలను వదులుకోకండి. ఫోటోసింథసిస్‌కు కిరణజన్య సంయోగక్రియ అన్న పేరు ఎంత చక్కగా కుదిరిందో చూడండి: ‘ఫోటో’ వెలుగు, ‘సిన్’ కలిపి, ‘థెసిస్’ ఉంచడం. హిప్పోపొటమస్‌లో ‘హిప్పో’ గుర్రం, ‘పొటమస్’ నది. మన నీటిగుర్రమూ అదే.

అయితే కనిపించిన ప్రతి ముక్కనూ అర్థభాగంగా తీసుకోకూడదు. హ్యాంబర్గర్‌లోని ‘హ్యాం’కు పంది మాంసంతో సంబంధం లేదు, ఆ పేరు జర్మనీలోని హాంబర్గ్ నగరం నుంచి వచ్చింది. అనుమానం కలిగినప్పుడు పద మూలాన్ని చూపే నిఘంటువును తెరవండి.

స్పెల్లింగ్‌లో నన్ను ఎక్కువగా వేధించిన పదం డయేరియా. ‘డయా’ అంటే గుండా, ‘రియా’ అంటే ప్రవాహం అనీ, ఈ రెండో భాగమే చీము కారే చిగుళ్ళ జబ్బు పయోరియాలోనూ ఉందనీ తెలిశాక, రెండు పదాలనూ పక్కపక్కన రాసుకున్నాను. రెండింటిలోనూ అవే రెండు ఆర్‌లు, వాటి వెంటే ఒక హెచ్. మళ్ళీ ఎన్నడూ తప్పు రాయలేదు.