సమాధానం: కరిక్యులమ్ మ్యాపింగ్‌కు టీచర్లు ఒప్పుకోవడం లేదు

మేడం, ఏ తరగతిలో ఏ నెల ఏం చెబుతున్నారో అన్ని సబ్జెక్టులకూ పక్కపక్కన రాసి చూసుకోవడమే కరిక్యులమ్ మ్యాపింగ్. అది మొదలుపెడదామంటే ఒడిశాలోని పర్లాకిమిడిలో మీ టీచర్లు "మళ్లీ ఇంకో రిజిస్టరా?" అంటున్నారన్నారుగా. రాయగడలో మాకూ ఇదే గోల. సాఫ్ట్‌వేర్ మాట అప్పుడే ఎత్తకండి. తలా ఒక చార్టు ఇచ్చి, నెలనెలా చెప్పిన పాఠం, నేర్పిన నైపుణ్యం, పెట్టిన పరీక్ష పెన్సిలుతో రాయమనండి. చెప్పాల్సింది కాదు, నిజంగా చెప్పింది. జూన్‌లో వచ్చే ఒడియావాళ్ల రజ పండక్కి ఎగిరిపోయిన రోజులతో సహా.

తర్వాత చార్టులన్నీ గోడకు పక్కపక్కన అంటించండి. మా ఏడో తరగతిలో వేగం లెక్కలు సైన్సులో ఆగస్టుకే అయిపోయాయి, వాటికి కావాల్సిన దశాంశాల భాగహారం లెక్కల్లో అక్టోబరులో! మాస్టార్లిద్దరూ నవ్వుకుని అక్కడే పాఠాల వరస మార్చుకున్నారు. తెలుగు, ఒడియా టీచర్లనూ కలిపి కూర్చోబెట్టండి, లేఖారచన ఇద్దరూ విడివిడిగా చెబుతుంటారు.

చార్టు చూసి ఎవర్నీ నిలదీయనని హెచ్ఎంగారి దగ్గర ముందే మాట తీసుకోండి. లేకపోతే అందరూ సిలబస్‌నే ఎత్తి రాసేస్తారు.